బాగా వచ్చిన రిపోర్టు

నాకు కుదురుగా కూర్చోవడం రాదు. పాతికేళ్ళుగా గన్‌ఫౌండ్రీ దగ్గర ఒక స్కూల్లో తెలుగు చెబుతున్నాను. ఒక్క పీరియడైనా కుర్చీలో కూర్చుని చెప్పిన పాపాన పోలేదు. ఆ వేసవిలో మాత్రం అది మరీ ముదిరింది. స్కూలుకి సెలవులు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో మా ఇల్లు, అబిడ్స్‌లో మా ఆయన కళ్ళజోళ్ళ షాపు. ఇంట్లో ఉంటే షాపుకి పోవాలనిపించేది, షాపుకి పోతే ఇంటికి రావాలనిపించేది. రోజుకి నాలుగుసార్లు ఆ మండుటెండలో, మెట్రో స్తంభాల నీడ పట్టుకుని, కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మా ఆయన మూత్రాశయంలో క్యాన్సర్ ఉందని ఏప్రిల్ చివర్లో తేలింది. అదీ సంగతి.

ముందు నా నిర్వాకం చెప్పాలి. చలికాలం పోతూ ఉండగా ఒకరోజు పొద్దున ఆయన బాత్రూములోంచి బయటికొచ్చి, "ఏందోనే, ఎర్రగ వచ్చింది," అన్నాడు. నొప్పి ఉందా అంటే లేదన్నాడు. "అయితే వేడి చేసింది," అని తీర్పు చెప్పేశాను. ఈ విషయంలో మా పుట్టింటికీ అత్తింటికీ తేడా లేదు. ఒంట్లో ఏ మూల ఏ ఇబ్బంది వచ్చినా ముందు వేడి చేస్తుంది, తర్వాతే ఇంకేదైనా. యాభై ఆరులో మా తాత కోస్తా నుంచి గుమాస్తా ఉద్యోగానికి వస్తూ వెంట తెచ్చిన వైద్యం బార్లీ నీళ్ళు. మా అత్తయ్యది తరతరాల హైదరాబాదు; ఆవిడ వైద్యం సబ్జా గింజలు, మజ్జిగలో మెంతులు. ఇద్దరం పోటీ పడి రెండూ పట్టించాం. నాలుగో రోజుకి ఎరుపు పోయింది. బార్లీ గొప్పా సబ్జా గొప్పా అని మేమిద్దరం వారం రోజులు వాదించుకున్నాం కూడా.

ఉగాదికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ బార్లీ, మళ్ళీ సబ్జా, మళ్ళీ పోయింది. మూడోసారి నెత్తురు గడ్డలు గడ్డలుగా పడేసరికి దవాఖానకి తీసుకుపోయాను. డాక్టరు అంతా విని ఒకే మాట చెప్పాడు. "అది తనంతట తనే వస్తుందమ్మా, తనంతట తనే ఆగుతుంది. మీ బార్లీకీ దానికీ సంబంధం లేదు. నొప్పి లేకుండా ఎరుపు కనబడిందంటే మొదటి రోజే రావాలి." నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. పిల్లలు హోంవర్కు ఇంట్లో మర్చిపోయామంటే ఇట్టే అబద్ధమని పట్టేసేదాన్ని, మూడు నెలలు ఒక జబ్బు నన్ను ఆడించింది.

మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి గొట్టం పంపి, మూత్రాశయంలో పెరిగిన గడ్డని గీకి తీశారు. ఆ ముక్కల్ని పరీక్ష చేశారు. చెడ్డ రకమే, పైపొర దాటి కింది పొరలోకి దిగింది, ఇంకా కండరందాకా పోలేదు అని డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. రెండు దారులున్నాయన్నాడు. ఒకటి, మూత్రాశయాన్ని ఉంచి, పసిపిల్లలకి క్షయ రాకుండా వేస్తారే, ఆ టీకా మందునే వారానికోసారి లోపలికి ఎక్కిస్తూ, మూడేసి నెలలకి గొట్టం వేసి చూసుకోవడం. రెండోది, మూత్రాశయాన్ని మొత్తం తీసేయడం. అప్పుడు పొట్ట మీద దారి చేసి సంచి కడతారు, మూత్రం అందులోకి దిగుతుంది.

"సంచి కట్టుకోని షాపుల కూసోవాల్నా? గిరాకి ముందల?" అన్నాడు మా ఆయన. "నాతోని గాదు సార్."

నేను ఊరుకుంటానా! అక్కడే, డాక్టరు ముందే అందుకున్నాను. "మనిషి ఉంటే కదండీ షాపు! తీయించేసుకోండి. ఆ సంచి నేను చూసుకుంటాను."

"నువ్వు సూస్తవ్, మోసేది నేను," అన్నాడు. అదీ నిజమే. కానీ నాకప్పుడు న్యాయం అక్కర్లేదు, మనిషి కావాలి.

డాక్టరు మా ఇద్దరి మొహాలూ చూసి ఇంకో పరీక్ష సంగతి చెప్పాడు. తీసిన ముక్కలోనే రెండు ప్రోటీన్లు ఎంతెంత ఉన్నాయో రంగు వేసి చూస్తారట. ఒకటి పి ఫిఫ్టీత్రీ. కణం దారి తప్పకుండా కాపలా కాయడం దాని పని. అది చెడిపోతే కణంలోనే పేరుకుపోయి ముదురు రంగులో కనబడుతుంది. రెండోది కె.ఐ. సిక్స్టీసెవెన్. ఎన్ని కణాలు రెండుగా విడిపోయే తొందరలో ఉన్నాయో అది చెబుతుంది. రెండూ ఎక్కువుంటే జబ్బు లోపలికి పాకే ప్రమాదం ఎక్కువ, తక్కువుంటే మూత్రాశయాన్ని ఉంచి కొంత ధైర్యం చేయొచ్చు. "ఇదే అంతిమ తీర్పని అనుకోకండి. సాక్షులు చెప్పే మాట లాంటిది. మీరు ఎటూ తేల్చుకోలేకపోతున్నారు కాబట్టి చెబుతున్నాను," అన్నాడు.

"గదేం జెప్తె గది జేస్త," అన్నాడు మా ఆయన వెంటనే. "ఖరాబుందంటె తీపిచ్చుకుంట. మంచిగుందంటె ముట్టొద్దు. మల్ల ఎవ్వరు నన్ను అడగొద్దు." చివరి మాట నా వైపు తిరిగి అన్నాడు.

ఆయన మాటంటే మాటే. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను, ఫలానా రోజు అద్దాలు ఇస్తానంటే ఒళ్ళు కాలిపోతున్నా వెళ్ళి ఇచ్చొస్తాడు. అందుకే అక్కడినుంచి నా కోరిక ఎటు మళ్ళిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. రిపోర్టు చెడ్డగా రావాలని కోరుకున్నాను. నిజం. కట్టుకున్నవాడికి చెడ్డ రిపోర్టు ఇప్పించమని దేవుడికి దణ్ణం పెట్టుకున్న మహాతల్లిని నేనొక్కదాన్నేనేమో. చెడ్డగా వస్తే తీయించుకుంటాడు, తీయించుకుంటే బతుకుతాడు. నా లెక్క అంతే. బాగా వస్తే నేను నమ్మలేను. ఒకసారి ఎరుపు ఆగిందని నమ్మి మోసపోయాను, ఇక బాగుందన్న మాట ఎవరు చెప్పినా నా ఒంటికి పడదు.

ఆ పరీక్ష ఆ హాస్పిటల్లో లేదు, హిమాయత్‌నగర్‌లో ఒక ల్యాబులో చేస్తారు. ఇక్కడి పద్ధతి తెలిసిందేగా, ముక్కని ఒక ల్యాబు నుంచి ఇంకో ల్యాబుకి మోసుకుపోవాల్సింది మనమే. ఒక శనివారం సాయంత్రం రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని చేతిలో పెట్టారు. అగ్గిపెట్టెకన్నా చిన్నది. ప్లాస్టిక్ బిళ్ళ మీద నంబరు, దాని మీద తెల్లటి మైనం, మైనం లోపల గోధుమరంగు నలుసులు. దాన్ని బ్లాకంటారు. మా ఆయన ప్రాణం ఎటు తిరుగుతుందో చెప్పాల్సింది ఆ నలుసులు. ఎండ తగలనీయొద్దు, చల్లటిచోట ఉంచండి అన్నారు. హిమాయత్‌నగర్ ల్యాబులో ఇక సోమవారమే తీసుకుంటారు. ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో గుడ్లు పెట్టే అరలో పెట్టాం.

అత్తయ్యకి జబ్బు సంగతి తెలియదు. ఎనభై దాటిన మనిషి, ఆ మాట వింటే తట్టుకోదని మా ఆయన భయం. కిడ్నీలో రాయి ఉంటే తీశారని చెప్పాం. ఆదివారం పాలగిన్నె కోసం ఫ్రిజ్ తెరిచి, "ఇదేంది బిడ్డా?" అని అడిగింది. "గదే రాయమ్మా. మైనంల పెట్టిచ్చిన్రు, పరీక్షకు పోవాలె," అన్నాడాయన, పేపర్లోంచి తల ఎత్తకుండానే. నేను విన్నాను, ఊరుకున్నాను. పెద్దవాళ్ళకి చెప్పకపోవడం ఏ ఇంట్లో లేదు కనక!

సోమవారం పొద్దున స్నానం చేసి వచ్చి ఫ్రిజ్ తెరిస్తే బ్లాకు లేదు. పాలు, కూరగాయలు అన్నీ తీసి కింద పెట్టాను. లేదు. వంటింట్లోంచి పూజ గదిలోకి చూస్తే, అత్తయ్య కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతోంది. దేవుడి పటం ముందు చిన్న పీట, పీట మీద తమలపాకు, ఆకు మీద నా బ్లాకు. దానికి పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు, మీద ఒక మల్లెపువ్వు. జానెడు దూరం కూడా లేదు, రెండు వత్తుల దీపం నిలువునా వెలుగుతోంది. మే నెల, ఫ్యాన్ ఆపేసిన గది. మైనం ఒక మూల మెత్తబడి ఆకు మీదికి జారింది.

నాకు నోరు అదుపులో ఉండదని మా వాళ్ళందరికీ తెలుసు. "ఏం పని చేశారు అత్తయ్యా! దాన్నెవరు ముట్టుకోమన్నారు మిమ్మల్ని!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను.

"ఎందుకట్ల ఒర్రుతవ్? పాల పక్కన పెడ్తరా ఎవలన్న, పెయిలకెళ్ళి తీసిన రాయిని? పరీక్ష మంచిగ రావాలెనని దేవుని ముంగట వెట్టిన. తప్పా?"

"అది రాయి కాదు! క్యాన్సర్! మీ అబ్బాయికి క్యాన్సర్, ఆ ముక్క అది!"

అనేశాక గాని అన్నానని తెలియలేదు. ఆవిడ పీట పక్కనే చతికిలబడింది. ఏడవలేదు. "నాకు రాయని జెప్పిన్రు గదనే," అంది. "నిజం జెప్పి ఉంటె నేనెందుకు ముడ్తును? అబద్ధం జెప్పింది మీరు, తప్పు జేసింది నేనా?" ఆవిడ లేచి దీపాన్ని పక్కకి జరిపి, తన పైట కొంగుతోనే మైనం మీది కుంకుమ తుడవబోయింది. వద్దని చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు ఏడ్చాం ఇద్దరం.

ఆ బ్లాకుని తడిగుడ్డలో చుట్టి ఆటోలో హిమాయత్‌నగర్ పోయాను. దారిపొడుగునా డ్రైవర్ని తిట్టాను, సిగ్నల్స్‌ని తిట్టాను, బషీర్‌బాగ్ దగ్గర అడ్డమొచ్చిన పెళ్ళి కారుని కూడా తిట్టాను. ల్యాబు కౌంటర్లో ఉన్న టెక్నీషియన్ నా ఈడు ఆవిడే. విప్పి చూసి, పసుపు చూసి, నన్ను చూసింది.

"దేవుని కాడ పెట్టిన్రా?"

తల ఊపాను.

"జర కూసోండ్రి మేడమ్, ఫికర్ జెయ్యకుండ్రి. మీరే మొదలు గాదు. ఒకాయన తాయెత్తు కట్టి తెచ్చిండు. మైనం మేము ఎట్లన్న కరిగిచ్చి మల్ల పోస్తం. ముక్క మంచిగనే ఉన్నది." ముక్కకి ఏమీ కాలేదు కదా, రిపోర్టు తప్పు రాదు కదా అని నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ విసుక్కోకుండా రాదనే చెప్పింది. నేను నమ్మానా? లేదు.

ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ నేను చేసిన పనేమీ గుర్తులేదు, నడిచిందే గుర్తుంది. సెలవుల్లో దిద్దమని ఇచ్చిన పిల్లల పరీక్ష పేపర్లు ముందేసుకునేదాన్ని, ఒకటి దిద్ది లేచేదాన్ని. మా ఆయన మాత్రం షాపులో కూర్చుని చిన్న చిన్న స్క్రూలు బిగిస్తూ ఉండేవాడు. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

రిపోర్టు తీసుకోవడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. మెట్ల మీదే నిలబడి చదివాను. సగం అర్థమైంది, సగం కాలేదు. ఫోటో తీసి డాక్టరుకి పంపాను. పది నిమిషాల్లో ఫోన్ చేశాడు. "రెండూ తక్కువగానే ఉన్నాయమ్మా. మంచిదే. మూత్రాశయాన్ని ఉంచి చూద్దాం. రేపు ఆయన్ని తీసుకురండి, టీకా మందు ఎప్పుడు మొదలుపెట్టాలో మాట్లాడదాం."

ఎవరైనా అయితే ఆ మెట్ల మీదే కూలబడి దేవుడికి దణ్ణం పెడతారు. నాకు కోపం వచ్చింది. దీపం వేడికి ఆ ప్రోటీన్లేవో చెదిరిపోయి ఉంటాయి, అందుకే కనబడలేదు అనుకున్నాను. డాక్టర్ని అడిగేశాను కూడా. నవ్వి, దీపం వేడికి అలా జరగదమ్మా అన్నాడు. ఆ నవ్వూ నచ్చలేదు. బార్లీ తాగిన నాలుగో రోజు మేమూ ఇలాగే నవ్వాం.

ఆటో వద్దనుకుని నడిచాను. లిబర్టీ, బషీర్‌బాగ్, గన్‌ఫౌండ్రీ, అబిడ్స్. నడుస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఈ ఊళ్ళో అందరూ చెడ్డ రిపోర్టు దాచి బాగుందని చెబుతారు. నేను బాగున్నది దాచి చెడ్డదని చెబితే తప్పేంటి? ఒక్కసారి ఆయన నోటివెంట సరే అనిపిస్తే చాలు. తర్వాత డాక్టరు దగ్గర, ఆయనే తీయించుకుంటానంటున్నాడు, చేసేయండి అంటాను. మాటంటే మాట మనిషి కదా, వెనక్కి పోడు. పెద్ద పోస్టాఫీసు దాటేసరికి అంతా కుదిరిపోయింది. అత్తయ్య పీట పక్కన కూర్చుని అడిగిన మాట ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

షాపులో ఆయన ఒక కాలేజీ అమ్మాయి కళ్ళజోడుకి అద్దం బిగిస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి ఆపాడు. "బాగా రాలేదండీ," అన్నాను.

ఆయన తల వంచి ఆ అద్దం బిగించడం పూర్తిచేశాడు. గుడ్డతో తుడిచాడు. ఆ అమ్మాయి చెవుల వెనక సరిగ్గా కూర్చుందో లేదో చూసి పంపించాడు. అప్పుడు నా వైపు తిరిగి, "తీపిచ్చుకుంట తీ," అన్నాడు. కాగితం అడగలేదు. నేను చెప్పాక ఇంక కాగితమెందుకు ఆయనకి! అంత సులువుగా ఒప్పుకుంటాడని నేననుకోలేదు. గెలిచాను కదా, సంతోషం రావాలి. రాలేదు.

ఆ సాయంత్రం షాపు తొందరగా మూసి ఇంటికొచ్చాడు. టీ ఇచ్చాను, తాగలేదు. లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ఎంతకీ రాకపోతే నేనే తలుపు తోశాను. అద్దం ముందు నిలబడి ఉన్నాడు. ఒక పాలిథీన్ కవర్లో నీళ్ళు పోసి, మూతి కట్టి, పంచె ముడిలోకి దోపుకుని, పైన షాపుకి వేసుకునే చొక్కా వేసుకున్నాడు. పక్కకి తిరిగి చూసుకుంటున్నాడు. వంగి చూసుకుంటున్నాడు, కౌంటర్ కింద డ్రాయరు లాగుతున్నట్టు. నన్ను చూసి కంగారుపడలేదు.

"గీ చొక్కల కనవడ్తున్నదానే?" అని అడిగాడు. "జర వదులుది కుట్టిస్తె సరిపోతదేమో."

నా వల్ల కాలేదు. తలుపు పట్టుకుని నిలబడి మొత్తం కక్కేశాను. రిపోర్టు బాగుందని, రెండూ తక్కువే ఉన్నాయని, డాక్టరు ఉంచి చూద్దామన్నాడని, నేనే అబద్ధం చెప్పానని. ఆయన వింటూ ఆ కవరు తీసి కిటికీలో తులసి కుండీలో నీళ్ళు ఒంపేశాడు. "ఎంత పని జేసినవే," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. "ఒక్కనాడే నన్ను సంపినవ్, మల్ల లేపినవ్." రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి. నేను మాత్రం ఆ రెండు రోజులూ మాట్లాడుతూనే ఉన్నాను.

టీకా మందు మొదలైంది. వారానికోసారి గొట్టంతో ఎక్కించేవాళ్ళు, రెండు గంటలు ఆ మందు బయటికి పోకుండా ఆపుకోవాలి. మందు అన్ని వైపులా అంటాలని పావుగంట ఎడమకి, పావుగంట కుడికి, పావుగంట వెల్లకిలా, పావుగంట బోర్లా పడుకోవాలి. నేను గడియారం పట్టుకుని నిలబడి, "తిరగండి, ఇప్పుడు ఇటు," అంటూ చెప్పేదాన్ని. తర్వాత మంట, జ్వరం, నిమిషానికోసారి బాత్రూముకి పరుగు. అన్నీ పడ్డాడు. మూడో నెల గొట్టం వేసి చూశారు, శుభ్రంగా ఉంది. ఆరో నెలా అంతే. ఆయన మొహంలో కళ వచ్చింది. నా అబద్ధం ఈలోగా పెద్ద వేళాకోళమైంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ, షాపుకొచ్చిన పాత గిరాకీలకీ చెప్పేవాడు. "మా ఆమె నాకు సంచి కట్టియ్యాల్నని మస్తు సూసింది. తప్పిచ్చుకున్న." అందరూ నవ్వేవాళ్ళు. అత్తయ్య కూడా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, ఎందుకంటే నేను తప్పని తేలుతున్న కొద్దీ నాకు ప్రాణం లేచొచ్చేది. తప్పు కావడం అంత హాయిగా ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు.

తొమ్మిదో నెలలో డాక్టరు ఒకచోట కొంచెం ఎర్రగా ఉందని గీకి పరీక్షకి పంపాడు. ఒక్కోసారి మందు వల్ల కూడా అలా ఉంటుందన్నాడు. మా ఆయన ఆ మాట పట్టుకుని నిశ్చింతగా షాపు తెరుచుకున్నాడు. రిపోర్టుకి నేనే వెళ్ళాను. ఈసారి డాక్టరే ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాడు. మళ్ళీ వచ్చింది. కండరంలోకి దిగింది. ఇక ఉంచి చూసే మాట లేదు, తీసేయాలి, అదీ తొందరగా.

"మరి ఆ రిపోర్టు బాగుందన్నారు కదండీ!" గదమాయించినట్టే అడిగాను.

"బాగుందంటే, అలాంటి రిపోర్టు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది బాగుంటారని అమ్మా," అన్నాడు. "మిగిలిన కొద్దిమంది కూడా మనుషులే. వాళ్ళెవరో ఆ కాగితం ముందుగా చెప్పదు."

అయితే నేనే సరి అన్నమాట. ఆ రోజు నా అబద్ధం మీద నేను నిలబడి ఉంటే, ఆ పాలిథీన్ కవరు చూసి కరిగిపోకుండా ఉంటే, తొమ్మిది నెలల క్రితమే పోయేది ఆ జబ్బు. రోడ్డు మీద నడుస్తూ ఇదే అనుకున్నాను, మళ్ళీ వెంటనే, వద్దు దేవుడా, నేను సరి కావడం నాకొద్దు అనుకున్నాను. పైకే అన్నానేమో, పక్కన నడుస్తున్నావిడ తిరిగి చూసింది.

షాపులో ఒక పెద్దాయన ఫ్రేములు పెట్టుకుని చూసుకుంటున్నాడు. మా ఆయన అద్దం పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూసి, "ఏమొచ్చింది?" అన్నాడు.

"బాగా రాలేదండీ."

పకపకా నవ్వాడు. "సూసిన్రా సార్," అన్నాడు పెద్దాయనతో, "నాకు సంచి కట్టిచ్చేదంక మా ఆమెకు నిద్ర వట్టదు. పోయినేడు గూడ గీడనే నిలవడి గిదే మాట జెప్పింది." పెద్దాయనకి అర్థంకాకపోయినా మర్యాదకి నవ్వాడు.

"కాదండీ. ఈసారి నిజం."

"అప్పుడు గూడ నిజమనే జెప్పినవ్. మొఖం గూడ గిట్లనే పెట్టినవ్." వేలు చూపించి మరీ నవ్వుతున్నాడు. తొమ్మిది నెలల్లో ఆయన్ని అంత హాయిగా నవ్వుతుండగా చూడలేదు. ఆయన్ని నమ్మించడానికి నా దగ్గర వేరే మాట లేదు, వేరే మొహం లేదు. ఉన్న ఒక్కటీ ఆ రోజు అబద్ధానికి వాడేశాను.

"ఔను, అబద్ధమే" అనాలని నోటిదాకా వచ్చింది. అంటే ఇంకాసేపు నవ్వుతాడు. రిపోర్టు ఉన్న కవరు కౌంటర్ మీద పెట్టాను. ఆయన నవ్వుతూనే కాగితం బయటికి తీసి, నవ్వుతూనే చదవడం మొదలుపెట్టాడు.